సంచీలో మందు... గుండెకు తోడు

భుజానికో చిన్న సంచీ. బడికెళ్లే పిల్లాడి సంచీలాగే ఉంటుంది. పుస్తకాలుండవు. ఓ చిన్న పంపు, మందు నింపిన ప్యాకెట్, అక్కణ్నుంచి సన్నటి గొట్టం... చొక్కా లోపలికి పోయి, రక్తనాళం గుండా గుండె దగ్గరిదాకా. నిద్రలోనూ ఆ సంచీ పక్కనే ఉండాలి. గుండె కండరం బాగా బలహీనపడిన చిన్నారులను అమెరికాలోని కొన్ని పిల్లల ఆస్పత్రులు ఇలా ఇంటికి పంపుతున్నాయి.

మందు పేరు మిల్రినోన్. కొత్తదేం కాదు, మన ఐసీయూల్లోనూ వాడేదే. గుండె గట్టిగా ముడుచుకునేలా చేస్తుంది, రక్తనాళాలను వదులు చేసి దాని మీద భారం తగ్గిస్తుంది. మాత్రలిస్తే పోదా అంటారా? పెద్దవాళ్లకు ఇచ్చి చూశారు. 1991లో వెలువడిన ‘ప్రామిస్’ అధ్యయనంలో, మాత్రలు వేసుకున్నవాళ్లలోనే మరణాలు ఎక్కువని తేలింది. దాంతో మాత్ర మూలనపడింది, సెలైన్‌లా ఎక్కించే మందే మిగిలింది. అదీ జబ్బును నయం చేయదు. గుండె మార్పిడి దాకా నెట్టుకొస్తుంది. ఆ దారీ లేని బిడ్డకైతే, ఉన్నన్నాళ్లూ ఐసీయూ అద్దాల వెనక కాకుండా అమ్మ పక్కలో పడుకునే వీలిస్తుంది.

ఈ సంచీ పల్నాడుకు వస్తే? మాచర్ల పక్కన ఓ పల్లె అనుకోండి. గుంటూరు సుమారు 120 కిలోమీటర్లు. వేసవిలో రెంటచింతల ఎండ సంగతి చెప్పక్కర్లేదు, పేపర్లలో ఏటా చదివేదే. ఆ చెమటకు గొట్టం మీది పట్టీ ఊడొస్తుంది. అక్కణ్నుంచి క్రిములు దూరితే నేరుగా రక్తంలోకే. కరెంటు పోయినా బ్యాటరీ ఆదుకుంటుంది సరే, అదీ అయిపోతే? పంపు ఆగితే మందు ప్రభావం కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది. జ్వరమొస్తే ఊళ్లో ఆరెంపీ ఉన్నాడు. మంచివాడే, పిలిస్తే అర్ధరాత్రైనా వస్తాడు. కానీ చేతికందిన గొట్టం కదా అని అందులోకే ఓ ఇంజెక్షన్ ఎక్కించాడా... వద్దు, ఆ ఊహే వద్దు.

మోతాదూ చిన్న లెక్క కాదు. పిల్లాడి బరువులో కిలోకు, నిమిషానికి ఇన్ని మైక్రోగ్రాములని కడతారు. మూత్రపిండాల ద్వారా బయటికి పోయే మందు కాబట్టి రక్తపరీక్షలూ తప్పవు. అక్షరమ్ముక్క రాని అమ్మ ఇవన్నీ చూసుకోగలదా అని డాక్టర్లు జంకితే తప్పుపట్టలేం. అయితే ఆ అమ్మ మిరపతోటలో ట్యాంకుకు ఎంత మందు పోయాలో మూతతో కొలిచి పోసే మనిషి. చేతులు శుభ్రంగా కడుక్కోవడం, ప్యాకెట్ మార్చడం నేర్పితే నేర్చుకుంటుంది. రాత్రి రెండింటికి పంపు కుయ్యిమంటే ఫోన్ ఎత్తేదెవరు? అసలు చిక్కంతా అక్కడే.

మార్పిడి మనకు అందనిదేం కాదు. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే మొదటిసారి విజయవంతంగా గుండె మార్చింది మన తెలుగువాడు డాక్టర్ పి.వేణుగోపాల్. 2016లో గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం ఆ పని చేసింది. 2021 అక్టోబరులో తిరుపతిలో శ్రీపద్మావతి చిన్నపిల్లల హృదయాలయం మొదలైంది. 2023 జనవరిలో అక్కడ పదిహేనేళ్ల కుర్రాడికి గుండె మార్చారు. ఐదేళ్ల బిడ్డకైతే ఆ ఒంట్లో పట్టేంత గుండే కావాలి. అది ఇవ్వాల్సింది బ్రెయిన్ డెడ్ అయిన మరో బిడ్డ తల్లిదండ్రులు. ఏ నోటితో అడుగుతాం! అందుకే ఎదురుచూపులు నెలలకు నెలలు సాగుతాయి.

ఆ నెలల ఖర్చెవరిది? 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ పేర్లు మారుతూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. ఎన్నో గుండె ఆపరేషన్లకు ఆసరా అయిన పథకమే, కాదనలేం. కాకపోతే ప్రధానంగా ఆస్పత్రి మంచం చుట్టూ అల్లినది. ఇంట్లో నడిచే పంపు, మందు ప్యాకెట్లు, వారం వారం పట్టీ మార్చే నర్సు... ఇవి వేరే లెక్క. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా అయ్యింది, నరసరావుపేట కేంద్రమైంది. శిక్షణ పొందిన నర్సు ఒక్కరు అక్కడున్నా చాలు. జీపెక్కితే రెండు గంటల్లో మాచర్ల.