కొబ్బరి నీడ.. గోడకు మరక!

రావులపాలెం దాటి కోనసీమలోకి వెళ్తే కొబ్బరి నీడ ప్రాణానికి హాయి. గోడలకే అది గిట్టదు. అంబాజీపేటలో మా పెద్దమ్మ నిరుడు వేయించిన లేతపసుపు రంగు, ఎండ పడని ఉత్తరం వైపు నల్లబడిపోయింది. ఇంట్లో పెళ్లికి నెలే ఉంది.

‘‘పైన ఇంకో కోటింగ్ కొట్టించేద్దాంరా’’ అంది.

పెయింటరు ఒప్పుకోలేదు. నల్లమచ్చ మీద బ్లీచింగ్ నీళ్లు రాసి కాసేపు ఆగాడు. తెల్లబడింది. అంటే మురికి కాదు, ఫంగస్. దానిమీదే రంగేస్తే మళ్లీ పైకొస్తుంది. గోడంతా అలాగే రుద్ది, మంచినీళ్లతో కడిగి (బ్లీచింగ్‌లో యాసిడ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది), బాగా ఆరాకే ప్రైమరు, ఫంగస్ పట్టని రంగు వేశాడు. గోడమీదికి ఒరిగిన మట్టలు కూడా కొట్టించమన్నాడు.

‘‘చెట్టు జోలికెళ్లకు బాబూ’’ అంటూనే పెద్దమ్మ కత్తి తెచ్చిచ్చింది.