చేతిలో పెట్రోలు... మూతకి తాళం!

మన సినిమాల్లో తాళమంటే ఎంత లోకువో! హీరోయిన్ జడలోంచి పిన్ను తీసి ఇలా తిప్పితే బీరువా అలా తెరుచుకుంటుంది. హీరోగారికి అదీ అక్కర్లేదు. ఒక్క రాయి దెబ్బకి తాళంకప్ప నేల కరుస్తుంది. ఇవన్నీ చూసి చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయితే జి.మాడుగులలో ఒక పాత జీపు పెట్రోలు మూత ముందు ఈ విద్యలేవీ పనికిరాలేదు సుమండీ!

లొకేషన్లు చూడ్డానికి వెళ్లాం. పాడేరు నుంచి జి.మాడుగుల మీదుగా చింతపల్లి పోయే దారి అది. కృష్ణగారి నూరో సినిమా 'అల్లూరి సీతారామరాజు' (1974) కోసం కెమెరాలు ఈ చింతపల్లి అడవులకే వచ్చాయి. ఇప్పుడు జిల్లాకే ఆ వీరుడి పేరు. 2022 నుంచి పాడేరు దానికి కేంద్రం. దారిలో కొత్తపల్లి జలపాతం దగ్గర ఆగాం. డ్రైవరు నీళ్లలోకి వంగాడు. జేబులోంచి మూత తాళంచెవి జారింది. గంటసేపు వెతికినా రాళ్లే తప్ప చెవి దొరకలేదు. ఇంజనుది వేరే చెవి కాబట్టి బండి జి.మాడుగుల దాకా లాక్కొచ్చింది. ఊళ్లోకి రాగానే దగ్గి, మూలిగి, ఆగిపోయింది.

తమాషా ఏమిటంటే, వెనకాల డబ్బాలో 5 లీటర్ల పెట్రోలు నిక్షేపంలా ఉంది! పొయ్యడానికే దారి లేదు.

"ఏజెన్సీలో రాత్రిళ్లు పెట్రోలు లాగేస్తారండీ" అని భయపడి విశాఖలోని జీపు యజమాని ఆ మూత పెట్టించాడట. ఈ భయం ఆయన ఒక్కడిదే కాదు లెండి. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసినప్పుడు అమెరికాలో కూడా కార్లవాళ్లు ఇలాంటి తాళం మూతల కోసం ఎగబడ్డారు. దొంగ భయానికి దేశమేమిటి?

ఇంతలో ఒకావిడ వచ్చింది. చంకలో నాలుగేళ్ల పిల్లాడు. దుప్పటి కప్పినా వణికిపోతున్నాడు. ఈ కొండల్లో వానాకాలం చలిజ్వరమంటే ముందు గుర్తొచ్చేది మలేరియాయే.

"జీపు పాడేరు ఎల్తాదా బాబూ? ఆస్పత్రికి పోవాలి" అంది. చివరి సర్వీసు జీపు అప్పటికే వెళ్లిపోయింది. 'వెళ్తుందమ్మా' అనాలని ఉంది. ఏ మొహంతో అనను?

చుట్టూ జనం చేరారు. ఒకాయన సుత్తి తెచ్చాడు. ఇంకొకాయన స్క్రూడ్రైవరు దూర్చి తిప్పమన్నాడు. మా కెమెరా కుర్రాడు తాళం రంధ్రంలోకి చూద్దామని అగ్గిపుల్ల తీశాడు. అంతే! పంక్చర్ల కొట్టులోంచి ఓ గావుకేక...

"ఆ పుల్ల గీసావంటే అందరం పోతాం!"

కేక వేసిన మనిషికి యాభై దాటి ఉంటాయి. ఒంటినిండా గ్రీజు. వచ్చి సుత్తి లాక్కుని పక్కన పెట్టాడు.

"నిండు టాంకీ కన్నా కాళీ టాంకీయే పెమాదం బాబూ. అందులో ఉన్నదంతా ఆవిరే. నిప్పురవ్వ సాలు" అన్నాడు.

అక్షరాలా నిజం. పెట్రోలు సున్నాకి 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునే ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు కనుక నేల మీద పాకుతుంది. ఇక కరెంటు డ్రిల్లు పెడితే రవ్వల భయం ఒకటి, ఇనప రజను టాంకులో పడి పెట్రోలు దారి మూసుకుపోవడం ఒకటి.

"మరి మూత తీసేదెలా?" అన్నాను.

"మూత ఎందుకు తియ్యాల? మనకి కావాల్సింది పెట్రోలు పొయ్యడం కదా!"

ఆ మాటకి నా నోరు మూతపడింది.

బండి కిందకి దూరాడు. మూత ఉన్న మెడకీ టాంకుకీ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది. దాన్ని పట్టుకుని చెరో కొసన ఒక్కో క్లిప్పు. పైది వదులు చేసి, గొట్టం మెలితిప్పి ఊడదీశాడు. టాంకు ఖాళీ కాబట్టి బొట్టు కారలేదు. ఆ గొట్టంలోనే గరాటు పెట్టి 5 లీటర్లూ పోయించాడు. మళ్లీ తొడిగి, క్లిప్పు బిగించి, కింద వాసన చూసి, గుడ్డతో తుడిచాడు. మొత్తం పావుగంట! యాభై రూపాయలు పుచ్చుకున్నాడు. వంద ఇస్తే సగం వెనక్కిచ్చి, "తొరగా ఎల్లండి, పిల్లోడికి జొరం" అన్నాడు.

ఇంజను తిరిగింది. ఆవిడ నా పక్కన కూర్చుంది. పాడేరు దాకా పిల్లాడి ఒళ్లు నా మోచేతికి పొయ్యిలా తగులుతూనే ఉంది. ఆస్పత్రిలో రక్తం చూసి మలేరియాయే అన్నారు. మందు వేళకి పడింది. మర్నాడు ఉదయం వెళ్లేసరికి వాడు వరండాలో కూర్చుని బిస్కట్టు నములుతున్నాడు. మా సినిమాలో అంత మంచి షాటు ఉంటుందో లేదో!

మూత సంగతి విశాఖలో తేలింది. అక్కడి మెకానిక్ మరలు విప్పి, మెడతో సహా మూతని ఊడదీసి, టాంకుకి దూరంగా బల్ల మీద బిగించి, అప్పుడు తాళాన్ని డ్రిల్లు చేశాడు. రజనంతా బల్ల మీదే రాలింది.

యజమాని వెంటనే కొత్త మూత కొన్నాడు. తాళంతోనే! రెండో చెవి ఏదండీ అంటే, "భద్రంగా మా ఇంటి బీరువాలో ఉంది" అన్నాడు.

కనుక పాఠకులారా, మీరెప్పుడైనా అద్దె బండిలో ఘాటెక్కేటప్పుడు బ్రేకులు, టైర్లు చూసుకోండి. దాంతోపాటు డ్రైవర్ని ఒక్క మాట అడగండి: "మూతకి తాళం ఉందా? రెండో చెవి ఎవరి దగ్గర?"