కవిలెకట్ట నుండి కంప్యూటరు దాకా

కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు చేరువలో ఉన్న రామకుప్పం ప్రాంతంలో పొలంగట్టు ఎంత స్థిరమో, ఆ పొలం యజమాని పేరు అంత అస్థిరం. ఇంట మునెప్ప, రచ్చబండ వద్ద మునియప్ప. ఊరివారికి మనిషి తెలుసు గనుక చిక్కు లేదు. ప్రభుత్వానికి మనిషి తెలియడు, అక్షరమే తెలుసు.

ఆ అక్షరాన్ని కాపాడవలసిన చింత ప్రాచీనమైనదే. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో అక్షపటలమనే లెక్కల కార్యాలయాన్ని గూర్చి ప్రత్యేకంగా ఒక అధ్యాయం వ్రాసి, ఆ భవనం ఏ దిక్కుకు అభిముఖంగా ఉండాలో కూడా విధించాడు. మరుసటి అధ్యాయంలోనే ఉద్యోగులు రాజధనాన్ని అపహరించే నలభై మార్గాలను లెక్కించాడు. ఆ రెండింటినీ పక్కపక్కన నిలపడంలోనే అతని లోకజ్ఞత తెలుస్తుంది.

పల్లెలో చాలాకాలం కరణంగారి ఇల్లే అక్షపటలం. కవిలెకట్ట విప్పాలన్నా, ముడి వేయాలన్నా ఆయన దయ. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడు మండలాలు ఏర్పడ్డాయి. కార్యాలయం దగ్గరైంది గాని, కట్ట కట్టగానే మిగిలింది. అడంగల్ నకలు కోసం వచ్చిన రైతుకు ఒకనాడు అధికారి క్యాంపులో ఉండేవాడు, మరొకనాడు బీరువా తాళం లేకుండేది. కూలి పోయిన దినాలను ఏ రిజిస్టరూ లెక్కించలేదు.

1998 నవంబరులో రిజిస్ట్రేషన్ల శాఖలో 'కార్డ్' పథకంతో కంప్యూటర్లు ప్రవేశించాయి. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ కుప్పం ప్రాంతంలో ఐ-కమ్యూనిటీ పథకాన్ని చేపట్టి, సమాచార కేంద్రాలను నెలకొల్పింది. దానిలో మనసుకు హత్తుకొనేది యంత్రాల సంఖ్య కాదు. స్వయంసహాయక సంఘాల మహిళలు కొందరు సౌరశక్తితో నడిచే పరికరాలతో ఛాయాచిత్రాలు తీసి, అక్కడికక్కడే ముద్రించి ఇచ్చేవారు. గుర్తింపు కార్డుకు పటం కావలసిన ముదుసలి పట్టణానికి పోనక్కరలేకపోయింది.

2011 నవంబరులో మీసేవ ఆరంభమైంది. అధికారి చేవ్రాలుకు బదులు డిజిటల్ సంతకం వచ్చింది. కొన్ని పత్రాలు పదిహేను నిమిషాలలో ఇవ్వాలన్న నియమం ఏర్పడింది. దినాలు నిమిషాలైనాయి. ఇది చిన్న మేలు కాదు.

అయితే నకలు ఎంత త్వరగా వచ్చినా, అసలులోని తప్పు దానితోపాటే వచ్చింది. కట్టలోని పేరును కంప్యూటరుకు ఎక్కించే వేళ ఒక అక్షరం జారితే, ఆధార్‌లోని మునియప్ప, అడంగల్‌లోని మునెప్ప ఇద్దరు మనుషులవుతారు. బ్యాంకు అప్పు ఆగుతుంది. పూర్వం కరణాన్ని బతిమాలవచ్చు, నిందించనూవచ్చు. తెర ముందు ఆ రెండూ నిష్ఫలమే. తహసీల్దారు ఉత్తర్వుపై అప్పీలు చేసుకోదలచిన రామకుప్పం రైతు పుంగనూరు దాటి మదనపల్లె ఆర్డీఓ కార్యాలయానికి పోవలసి వచ్చేది. 2022లో కుప్పం రెవెన్యూ డివిజన్ ఏర్పడిన పిమ్మట ఆ దూరం తగ్గింది. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరిలో 'మన మిత్ర' పేరిట వాట్సాప్‌లోనే సేవలు మొదలైనాయి. దూరాలు ఇట్లా ఒక్కొక్కటే తగ్గుతున్నా, అక్షరాన్ని సరిచూచే ఓపిక మాత్రం ఏ యంత్రంతోనూ రాలేదు.

ఒక కౌంటరు వద్దకు వృద్ధ రైతు ఒకడు వచ్చాడు. రుసుము చెల్లించాడు. పత్రం ముద్రించబోతున్న కుర్రవాణ్ణి చేయెత్తి ఆపాడు.

"ఒక్క తూరి చదివి చెప్పు నాయినా, నా పేరు సరిగా ఉందో లేదో."

వెనుక వరుసలో ఉన్నవారు విసుక్కున్నారు. కుర్రవాడు గడియారం వైపు చూశాడు. ఆ పైన తెరను రైతు వైపు త్రిప్పి, సర్వే నంబరు మొదలుకొని మెల్లగా చదవసాగాడు.