ఫిరంగి మ్రోతయు, చిఱుగంటల నాదమును

సంగీతమనగా మన విద్యార్థులకు మొదట కీర్తన, పిదప పద్యము. రెంటను మాట ముందు నడచును; రాగము దానిని వెంబడించును. అట్టివారికి మాటలు లేని పాశ్చాత్య వాద్యసంగీతమేల యనియు, పరీక్షలో దీనికి మార్కులు లేవు గదా యనియు తలిదండ్రులు కొందఱు మమ్మడిగిరి. ఈ సంవత్సరము పైతరగతులవారికి రుష్యాదేశపు సంగీతకర్త చైకోవ్‌స్కీ రచనలు రెండు వినిపించితిమి. ఆ సంగతి విన్నవించెదము.

ఆయన 1840లో వోట్కిన్‌స్కు పట్టణమున జన్మించెను. న్యాయవిద్య ముగించి, 1859లో ప్రభుత్వోద్యోగమున జేరి, దానిని విడిచి సంగీతమునకే జీవితము నర్పించెను.

మొదట వినిపించినది 1880లో రచింపబడిన "1812" ఓవర్చరు. నెపోలియను దండయాత్రను రుష్యనులు త్రిప్పికొట్టిన కథ యిందలి విషయము. సెల్లోలును వయోలాలును మెల్లగా నొక దేవాలయ ప్రార్థనాగీతము నెత్తుకొనును. ఫ్రెంచివారి జాతీయగీతము చొచ్చుకొనివచ్చును. కడపట గంటలు మ్రోగును, ఫిరంగులు ప్రేలును. "మాటలు లేనిచో అది ప్రార్థన యని యెట్లు తెలియునండీ?" అని యొక బాలిక యడిగెను. మేము పురుషోత్తమ చౌదరిగారి కీర్తన నొకదానిని మాటలు లేక కూనిరాగము తీసితిమి. తరగతి యంతయు మాటలందుకొనెను. రుష్యనులకు నట్లే తెలిసెనని చెప్పితిమి.

ఫిరంగులు ప్రేలినపుడు బాలురు సంతోషముతో బల్లలు చఱచిరి. ఈ కృతి మిక్కిలి సందడి గలదనియు, ప్రేమతో వ్రాయలేదు గనుక దీని విలువ స్వల్పమనియు చైకోవ్‌స్కీయే తన పోషకురాలగు ఫాన్ మెక్ గారికి జాబు వ్రాసెనని పిమ్మట దెలిపితిమి. తరగతి నిశ్శబ్దమాయెను. "అయితే మాకు నచ్చుట తప్పా?" అని యొక బాలుడడిగెను. తప్పు కాదు, మఱియొకటి విని చెప్పుమంటిమి.

అది 1892లో ప్రదర్శింపబడిన "నట్‌క్రాకర్" నృత్యనాటకమందలి దేవకన్య నాట్యము. అందు సెలెస్టా యను వాద్యము కలదు. మీటలు నొక్కగా లోపలి సుత్తులు లోహపు రేకులను దాకును. 1891లో పారిసున దానిని విని ముగ్ధుడై, తోటి రచయితలకు దెలియకుండ రహస్యముగా దెప్పింప గోరెను. ఆ చిఱుగంటల నాదమునకు పిల్లలు ఊపిరి బిగబట్టి ముందునకు వంగిరి. ఇందాకటి బాలుడే, "ఫిరంగి తానే వచ్చి చెవిని దాకినది; దీనికి మేము చెవి యొగ్గవలసివచ్చిన"దనెను.

ప్రేమలేని వాక్కును వట్టి లోహధ్వనితో బోల్చిన పౌలుగారి బోధ, కొరింథీయుల మొదటి పత్రిక 13వ అధ్యాయము, మన పిల్లలకు కంఠపాఠమే. దానిని చెవితో బరీక్షించుట వారికి క్రొత్త. మార్కులు లేకున్నను, గట్టి శబ్దమునకును మంచి మాటకును భేద మెఱిగిన చెవి రేపు సభలయందును, ఎన్నికలయందును, ఇంటియందును వారికి బనికివచ్చునని మా నమ్మకము. తలిదండ్రులు ఒక సాయంకాలము పిల్లలతో గూడి ఈ రెంటిని వినుదురు గాక.