గీత తిన్నగా రావాలంటే...

కారు బానెట్ మీద వేసే రంగు గీతలకూ, వంటింట్లో ఉండే మనకూ ఏం సంబంధం అనుకుంటున్నారు కదూ? నేనూ అలాగే అనుకునేదాన్ని. మావారికి విజయవాడ ఆటోనగర్‌లో చిన్న పెయింటింగు షెడ్డుంది. రెండేళ్ళుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. స్ప్రే గన్ను కాస్త అటూ ఇటూ కదిలినా టేపు కాచుకుంటుంది. కానీ ఆ టేపే తిన్నగా అంటించలేకపోతే? పనివాణ్ణి పెట్టుకుంటే మాకు మిగిలేదేమీ లేదు. అందుకే టేపు చుట్ట నేనందుకున్నాను.

గీత అందం రంగులో లేదండీ, అంతకు ముందు చేసే పనిలో ఉంది. ముందు బానెట్‌ని సబ్బునీళ్ళతో కడిగి, జిడ్డు లేకుండా తుడవాలి. రెండు అంచుల నుంచీ కొలిచి, ముందూ వెనకా మధ్య గుర్తులు పెట్టుకోవాలి. గీత వచ్చేమేర తడిచేసి, సన్నరకం వాటర్ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్దాలి. లేకపోతే రంగు పట్టదు.

బాగా ఆరాక టేపు. ముక్కలు ముక్కలుగా వద్దు. ఒక కొస అంటించి, చుట్టను రెండో కొస దాకా పట్టుకుని, చూపు చివరి గుర్తు మీద ఉంచి మెల్లగా దించాలి. చుక్కల ముగ్గులో మనం చూసేది తర్వాతి చుక్కనే కదా! సాగదీశారో, అది మళ్ళీ ముడుచుకుని వంకరపోతుంది. అంచు వెంబడి వేలితో నొక్కి, మిగతా బానెట్‌నీ అద్దాన్నీ పాత పేపర్లు రెండు పొరలుగా వేసి కప్పేయాలి.

ఇక అసలు కిటుకు. ముందుగా బానెట్ రంగునే టేపు అంచున పల్చగా ఒక పూత కొట్టాలి. సందులుంటే ఆ రంగే దూరి మూసేస్తుంది, కొత్తరంగు లోపలికి పాకదు. తర్వాత గీత రంగు పల్చగా రెండు మూడు పూతలు. దట్టంగా కొడితే అంచున గట్టులా నిలుస్తుంది. చివరి పూత గట్టిపడక ముందే టేపును వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి. పూర్తిగా ఎండాక లాగితే అంచు పెచ్చులూడుతుంది.

ఒక్క జాగ్రత్త సుమా! ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు, ఫిల్టరున్న మాస్కు కావాలి. దగ్గర్లో పొయ్యి, అగరొత్తి ఉండకూడదు. పిల్లల్ని రానివ్వకండి. హార్డెనర్ కలిపే రంగుల జోలికి ఇంటిదగ్గర అసలు వెళ్ళొద్దు.

ఈ టేపు పుట్టిందే కార్ల కోసం. అమెరికాలో రెండు రంగుల కార్ల మోజున్న రోజుల్లో, పెయింటర్లు కాగితాలు జిగురుతో అంటించి, పీకేటప్పుడు రంగూ ఊడొస్తుంటే విసుక్కునేవారు. అది చూసిన రిచర్డ్ డ్రూ అనే ఆయన 1925లో ఈ టేపు కనిపెట్టారు. ఆయన కూడా ఇంజనీరింగు చదువు మధ్యలో మానేసినవారే. ఇంటర్‌తో ఆగిపోయిన నాకు ఆ సంగతి ఎంత ధైర్యమిచ్చిందో!

"ఆడవాళ్ళా అంటించేది?" అని బండి తాళాలివ్వడానికి వెనకాడినవాళ్ళున్నారు. మావారూ మొదట్లో ముభావంగానే ఉండేవారు. ఇప్పుడు పక్కన స్టూలు వేసుకుని, "ఆగు, ఇంకా పచ్చిగా ఉంది... ఆఁ, ఇప్పుడు లాగు" అంటారు. టేపు లాగే సమయం ఆయన కంటికి తెలిసినట్టు నాకింకా తెలీదు. ఆయన కన్ను, నా చెయ్యి కలిస్తేనే ఇవాళ షెడ్డు తెరిచి ఉంది.

చీరకు ఫాల్ కుట్టే ఓపిక, ముగ్గు గీసే చెయ్యి మీకూ ఉన్నాయి. "ఇదీ ఓ పనేనా" అని మీరే తీసిపారేయకండి. అవసరం వచ్చిననాడు అదే అన్నం పెడుతుంది.