పాత డీజే మిక్సర్, ఒక లాప్‌టాప్, మన ఊరి పాట



ఆగస్టు 9 దగ్గర పడుతోంది. ఐక్యరాజ్యసమితి 1994లో ఈ రోజును ఆదివాసీల దినంగా ప్రకటించింది. హాస్టళ్లలో మనం ఎట్ల జరుపుకుంటామో అందరికీ తెలిసిందే. పొద్దున జెండా, తర్వాత ఉపన్యాసాలు, సాయంత్రం డీజే. ఆ డీజేలో మన పాటలు ఎన్ని ఉంటయో మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. ఈసారి మన పాటలు మనమే పెడదామని మా గదిలో అనుకున్నం. దానికోసం పాత డీజే సామాన్లను లాప్‌టాప్‌కు ఎట్ల కలిపినమో రాస్తున్నం. కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

మేము చైతన్యపురిలో ఒక హాస్టల్ గదిలో నలుగురం. ఇద్దరం దేవరకొండ దిక్కు తండాల నుంచి, ఒకరు ఉట్నూరు దిక్కు గోండు గూడెం నుంచి, ఒకరు భద్రాచలం దిక్కు కోయ ఊరి నుంచి. నలుగురి ఇళ్లలోనూ మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినోళ్లు లేరు. నలుగురికీ కలిపి ఒక్కటే పాత లాప్‌టాప్. మాలో ఒకరి బావ తండాలో పెండ్లిళ్లకు డీజే పెడతడు. ఆయన కొత్త సెట్ కొనుక్కుని, రెండు చానళ్ల పాత మిక్సర్, ఒక ఆంప్లిఫయర్, రెండు బాక్సులు మాకు ఇచ్చిండు. "పాత సామానుకు ఎవరు పైసలు ఇస్తరు, మీరే వాడుకోండ్రి" అన్నడు.

కొత్త కంట్రోలర్ కొంటేనే కంప్యూటర్‌తో డీజే చేయొచ్చని చాలామంది అనుకుంటరు. అట్లేం లేదు. మిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంగ్లీషులో పేరు చివర మూడు ఎక్స్‌లు రాస్తరు. పూర్తిగా ఉచితం. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తది.

ముందు వైర్ల సంగతి. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఎర్ర, తెల్ల పిన్నులున్న ఆర్‌సీఏ వైరుతో మిక్సర్ వెనక్కి కలపాలి. అక్కడ ఫోనో, లైన్ అని రెండు రకాల సాకెట్లు ఉంటయి, కొన్ని మిక్సర్లకు స్విచ్ ఉంటది. లాప్‌టాప్‌ను ఎప్పుడూ లైన్‌కే కలపాలి. ఫోనో అనేది రికార్డు ప్లేయర్ సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ కోసం. దాన్ని చాలా రెట్లు పెంచుతది. లాప్‌టాప్‌ను అందులో పెడితే పాట పగిలిపోయినట్టు వినపడుతది.

ఒక్క వైరుతో ఒక్క స్టీరియో పాటే పోతది. రెండు డెక్‌లు మిక్సర్‌లోని రెండు చానళ్లకు విడివిడిగా పోవాలంటే లాప్‌టాప్‌కు రెండు స్టీరియో అవుట్‌లు కావాలె. అందుకని మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి, కోఠి గుజరాతీ గల్లీకి పోయి చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తెచ్చినం. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో సౌండ్ హార్డ్‌వేర్ అనే చోట డెక్ 1కు లాప్‌టాప్ సొంత అవుట్, డెక్ 2కు యూఎస్‌బీ కార్డు ఎంచుకున్నం. మెయిన్ అవుట్‌ను ఖాళీగా వదిలేసినం. ఇప్పుడు పాటలు కలిపేది స్క్రీన్ మీద కాదు, బావ ఇచ్చిన మిక్సర్ మీదనే. ముందుగా చెవిలో వినడానికి మిక్సర్‌కు ఉన్న క్యూ బటన్ సరిపోతది. ఒక మాట, రెండు కార్డులంటే రెండు గడియారాల లెక్క. చాలాసేపు నడిస్తే మధ్యలో టప్ టప్ మని రావచ్చు. నాలుగు అవుట్‌లు ఉన్న ఒకే ఇంటర్‌ఫేస్ ఎవరి దగ్గరైనా అరువుకు దొరికితే అదే మేలు.

మీ దగ్గర పాత యూఎస్‌బీ కంట్రోలర్ ఉంటే పని ఇంకా సులువు. అది మిడి అనే భాషలో మాట్లాడుతది. ప్రతి నాబ్ 0 నుంచి 127 దాకా ఒక అంకె పంపుతది, అంతే. ఆ మోడల్ పేరు సాఫ్ట్‌వేర్ లిస్టులో లేకపోయినా, లర్నింగ్ విజార్డ్ తెరిచి ఏ బటన్ ఏ పని చెయ్యాలో మనమే నేర్పొచ్చు.

చార్జర్ పెట్టగానే బాక్సుల్లో గుయ్యిమని హమ్ వస్తే, ఒకసారి చార్జర్ తీసి చూడండి. ఆగితే అది ఎర్త్ లూప్. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతది, ఆడియో వైరు మధ్యలో పెట్టాలె. ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టొద్దు, ప్రాణం మీదికి వస్తది. బఫర్ తక్కువ పెడితే పాత లాప్‌టాప్ తట్టుకోదు. 44,100 హెర్ట్జ్ దగ్గర 1,024 శాంపిళ్లు అంటే దాదాపు 23 మిల్లీ సెకన్ల ఆలస్యం. పాటలు మార్చేటందుకు అది అడ్డం కాదు. వాట్సాప్ నోటిఫికేషన్ సౌండ్లు ఆపండి, లేకుంటే టింగ్ అనేది కూడా బాక్సుల్లో వస్తది.

ఇక్కడిదాకా రెండు సాయంత్రాల పని. అసలు ముచ్చట పాటలు ఎక్కించినంక మొదలైంది.

సినిమా పాటో, రీమిక్సో వేస్తే సాఫ్ట్‌వేర్ వెంటనే బీట్ పట్టుకుని గీతలు గీస్తది. అవి కంప్యూటర్ తాళానికి చేసిన పాటలు, మొదటి నుంచి చివరిదాకా వేగం ఒక్కటే. ఉట్నూరు దోస్తు ఊర్లో ఫోన్‌లో రికార్డు చేసిన పెండ్లి పాట వేస్తే, ఒకసారి 84 అని, ఇంకోసారి దానికి రెట్టింపు 168 అని చూపించింది. నిమిషం గడిచేసరికి గీతలు ఒక దిక్కు, డప్పు ఒక దిక్కు. డప్పు కొట్టేటోళ్లు తప్పు కొట్టలేదు. ఆట ఊపందుకున్న కొద్దీ చెయ్యి ఊపందుకుంటది, ఆడేటోళ్లు అలిసిపోతే నెమ్మదిస్తది. తండాలో మా అమ్మలు పాడిన తీజ్ పాటలో డప్పే లేదు, వట్టి గొంతులు, చప్పట్లు. దానికీ సాఫ్ట్‌వేర్ ఏదో ఒక అంకె చూపించింది.

ఇక్కడ సింక్ నొక్కితే ఏమైతదో విన్నం. పాట ఒక చోట గుంజినట్టు, ఒక చోట తోసినట్టు అయితది. చాలా డీజేలలో మన పాటలకు జరిగేది ఇదే. కింద ఒకే రకం దబ్ దబ్ పెట్టి, దానికి సరిపోని ముక్కలు కోసేస్తరు. మిగిలేది రెండు లైన్లు. కథ చెప్పే చరణాలు పోతయి. ముసలోళ్లు చెవులు మూసుకుని దూరం పోతే, డీజే సౌండ్ పడదేమో అనుకుంటం. వాళ్లకు పడనిది సౌండ్ ఒక్కటేనా?

మేము చేసింది ఇది. బీట్ డిటెక్షన్‌లో వేగం స్థిరంగా ఉంటదనే టిక్కు తీసేసినం. మన పాటలకు సింక్, క్వాంటైజ్ రెండూ ఆఫ్. రెండో పాటను చెవితో వింటూ పిచ్ స్లైడర్‌తో దగ్గరికి తెస్తం. గొంతు మారకుండా కీలాక్ ఆన్ పెడతం. పాట మొదలు, చరణం మొదలు దగ్గర హాట్ క్యూలు గుర్తు పెట్టుకున్నం. బీట్ కలవని చోట కలపడమే లేదు. ఒక పాట పూర్తయినంక రెండు క్షణాలు ఊరుకుని ఇంకోటి వేస్తం. ఆ ఖాళీలో జనం చప్పట్లు కొడతరు, ఏం కాదు.

ఇంకో పని ఫోన్‌లో అయింది. ఉట్నూరు దోస్తు తన దగ్గర దండారి వాయిద్యం కూడా ఉంది, తుడుం, పెప్రె బాగా వచ్చినయి, వేద్దామా అన్నడు. వేసే ముందు గూడెం పటేల్‌ను అడుగుదామని ఫోన్ చేసినం. పెద్దాయన కాసేపు ఆలోచించి, "పెండ్లి పాటలు వెయ్యుండ్రి బిడ్డా. గుస్సాడీది మాత్రం దండారి రోజులకే. దాన్ని పెట్టెల్ల కలపకుండ్రి" అన్నడు. ఆ ఫైలు పక్కన పెట్టినం. ఏ పాటకు ఏ రోజు, ఏ చోటు ఉందో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు, ఊర్లో పెద్దలే చెప్పాలె.

ఆ పెద్దలు కూడా ఒక్కొక్కరే పోతున్నరు. మార్లవాయి గుస్సాడీ గురువు, పద్మశ్రీ కనకరాజు 2024 అక్టోబర్‌లో పోయిండు. కోయ వీరుల కథలను డోలుతో పాడే పద్మశ్రీ సకిని రామచంద్రయ్య అదే ఏడాది జూన్‌లో పోయిండు. వాళ్ల పేర్లు పేపర్లో వచ్చినయి. మన ఊర్లల్ల పేపర్‌కు ఎక్కని పాటగాళ్లు ఎంతమంది ఉన్నరో మీకే తెలుసు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క పాటైనా రికార్డు చెయ్యండి. వీలైతే డబ్ల్యూఏవీ ఫైలుగా చెయ్యండి. ఫోన్‌ను డప్పుకు దూరంగా, పాడేవాళ్లకు దగ్గరగా పెట్టండి. ఫైలు పేరులో పాడినవాళ్ల పేరు, ఊరు, భాష, ఏ సందర్భం పాట, తేదీ రాయండి. డీజేలో వేయొచ్చా అని వాళ్లనే అడగండి, వద్దంటే "వద్దు" అని కూడా ఆ పేరులోనే రాయండి.

సౌండ్ గురించి చివరి మాట. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ వద్దు. చైతన్యపురిలో గోడకు గోడ ఆనుకుని ఇళ్లు, పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలు. బాక్సులు చిన్నగా పెట్టి ప్రాక్టీసు చేస్తున్నం. చిన్న సౌండ్‌లోనే మాటలు స్పష్టంగా వినపడుతున్నయి.

ఇప్పటిదాకా మా దగ్గర గోండి, కోయ, లంబాడీ పాటలు 23 జమైనయి. కొలామీ, చెంచు, ఎరుకల పాటలు ఒక్కటి కూడా లేవు. మీ ఇంట్లో ఎవరైనా పాడితే, వాళ్లను అడిగి పంపండి. వైర్ల దగ్గర ఎక్కడైనా ఆగిపోతే కింద రాయండి, తెలిసినంత చెప్తం.