సంగటి, సోబా, చిటికెడు ఉప్పు

మా తాడిపత్రి ఆసుపత్రిలో బి.పి. రోగులకు ఉప్పు తగ్గించమని చెప్పడం నాకు రోజూ ఉన్న పనే. నాపరాళ్ళ పాలిషు పని చేసే ఒకాయన, యాభై ఏళ్ళుంటాయి, ఒకనాడు కొంచెం కోపంగానే అడిగాడు: "ఉప్పూ కారం లేకుంటే సంగటి గొంతు దిగుతాదా సారూ? మీరు తింటారా అట్ల?"

జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నేను తినను. నాకూ బి.పి. ఉంది. ఆరేళ్ళుగా మాత్ర వేసుకొంటున్నాను. అయినా ముద్ద పక్కన ఊరిబిండో, చింతకాయ తొక్కో నిమ్మకాయంత లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. మా నాయన పక్షవాతంతో మంచం పట్టింది 58వ ఏట. నాకిప్పుడు 56.

ఆయన ప్రశ్నకు సమాధానం నాకు టోక్యోలో దొరికింది. మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నది. పోయిన నవంబరులో చూడడానికి వెళ్ళాను. ఒక సాయంత్రం కాండా అనే పేటలో 'యాబు సోబా' అనే పాత హోటలుకు తీసుకు వెళ్ళింది. 1880లో పెట్టిన హోటలట. 2013లో అగ్నిప్రమాదంలో కాలిపోతే, 2014లో మళ్ళీ తెరిచారు. మనం ఏం కావాలో చెబితే, అక్కడి ఆమె దాన్ని వంటవాళ్ళకు రాగం తీసి పాడినట్టు వినిపిస్తుంది.

సోబా అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఇది వరి, జొన్న, రాగుల మాదిరి గడ్డి జాతి గింజ కాదు. మన చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క. ఉత్తరాదివాళ్ళు నవరాత్రి ఉపవాసాలకు వాడే 'కుట్టు' పిండి దీనిదే. వరి పండని చలి కొండల్లో, సారం లేని నేలల్లో సుమారు 75 రోజుల్లో చేతికి వస్తుంది. మన మెట్టకు కొర్ర ఎలాగో వాళ్ళ కొండలకు ఇది అలాగ. ఈ పిండికి తరచుగా అయిదో వంతు గోధుమపిండి కలిపి, సన్నగా తీగలుగా కోసి ఉడికిస్తారు. కొందరికి ఈ గింజ అస్సలు పడదు, ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. అందుకే జపానులో పొట్లాల మీద సోబా ఉన్నదని అచ్చు వేయాలని చట్టం ఉంది. ఆస్త్మా, ఎలర్జీలు ఉన్నవాళ్ళు సరదాకు కూడా దీని జోలికి పోకపోవడం మంచిది.

వెదురు తట్టలో చల్లటి సోబా వచ్చింది. పక్కన చిన్న గిన్నెలో నల్లటి పులుసు. సోయా సాసు, ఎండుచేప రసం, కాస్త చక్కెర కలిపి చేస్తారు. నేను మన అలవాటు ప్రకారం మొత్తం అందులో ముంచేశాను.

"అట్ల కాదు నాన్నా, కొస మాత్రమే తగిలించాలి" అంది మా అమ్మాయి.

పక్క టేబులు దగ్గర ఎనభై ఏళ్ళ ముసలాయన తింటున్నాడు. పుల్లలతో నాలుగు తీగలెత్తి, అడుగున మూడో వంతు మాత్రం పులుసుకు తాకించి, జుర్రుమని పెద్ద చప్పుడుతో లాగేస్తున్నాడు. (ఆ చప్పుడు మా జేజి వింటే వీపు మీద ఒకటి వేసేది. అక్కడ అది తప్పు కాదు.) నేనూ అలాగే చేశాను. పులుసు ముందుగా నాలుకకు తగిలింది, తర్వాత గింజ రుచి వచ్చింది. ఉప్పు చాలలేదని ఒక్కసారి కూడా అనిపించలేదు.

చివర ఒక చెంబులో తెల్లటి వేడినీళ్ళు తెచ్చి పెట్టారు. సోబా ఉడికించిన నీళ్ళు, 'సోబాయు' అంటారు. నాకు నవ్వొచ్చింది. ఇది మన కట్టే కదా! పప్పు కట్టు, ఉలవ కట్టు తాగి పెరిగినవాణ్ణి నేను. వార్చి పారబోసే నీళ్ళలో బి విటమిన్లు కరిగి పోతాయి. తెల్లబియ్యం మరిగిన పాత టోక్యో జనానికి కాళ్ళు తిమ్మిరెక్కి, గుండె బలహీనమై చనిపోయే జబ్బు వచ్చేది. మన ఉత్తర సర్కారు జిల్లాలను కూడా పీడించిన బెరిబెరి అదే. ఆ జబ్బు సంగతి తేల్చడానికి 1918లో కూనూరులో ఒకే గదిలో మొదలుపెట్టిన పరిశోధనే ఈనాటి హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు మూలం.

ఈ ఆలోచనలో పడి, మిగిలిన పులుసులో ఆ నీళ్ళు పోసుకొని గిన్నె ఎత్తాను. మా అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. "నాన్నా, ఈరోజు మాత్ర వేసుకున్నావా?"

వేసుకోలేదు. మా నాయన ఒక చెయ్యి ఆడని మనిషిగానే ఆ పిల్లకు తెలుసు. నేనేమీ మాట్లాడకుండా గిన్నె దించి, ఉత్త సోబా నీళ్ళు తాగాను. ఆ చిన్న గిన్నెడు పులుసులో అటూ ఇటూగా మూడు గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికీ అయిదు గ్రాములు దాటవద్దంటున్నది. అంటే ఒక చెంచాడు.

ఆ దేశం ఈ పాఠం ఊరికే నేర్చుకోలేదు. 1950, 60లలో పక్షవాతం చావులు అక్కడ విపరీతం. అకితా వంటి ఉత్తర జిల్లాల్లో మనిషి రోజుకు ఇరవై గ్రాములకు పైగా ఉప్పు తినేవాడు. సోబాకు పేరుపడ్డ నగానోలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఊరగాయలూ పులుసులూ తగ్గించమని ప్రచారం చేశారు. 2010 నాటి లెక్కల్లో ఆయుర్దాయంలో ఆ నగానోయే మగవాళ్ళలోనూ ఆడవాళ్ళలోనూ దేశంలో మొదటిది. అందుకు ఉప్పు ఒక్కటే కారణమని నేను అనను.

తిరిగి వచ్చాక మా పాలిషు పనాయనకు చెప్పాను. ఉప్పంతా ముద్దలో కలిపితే నాలుకకు తెలియదు, పైపైన తగిలితే తెలుస్తుంది. కాబట్టి సంగటిలో ఉప్పు వేయించవద్దు. ముద్దను పులుసులో ముంచవద్దు, అంచు అద్దుకో. ఊరిబిండి గోలీకాయంత పెట్టించుకో. రెండు మూడు వారాలు నాలుక గొణుగుతుంది, తర్వాత ఊరుకొంటుంది. ఎండలో చెమటోడ్చే మనిషిని ఉప్పు పూర్తిగా మానమని నేను చెప్పను, మాత్ర మాత్రం మానకూడదు. అంగట్లో దొరికే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవాళ్ళు డాక్టరు నడగకుండా దాన్ని వాడరాదు.

అంతా విని ఆయన, "అయితే ముద్ద ఎంత పెద్దదైనా పరవాలేదు గదా సారూ?" అన్నాడు.

ఆయనకు షుగరు లేదు. ఉన్నవాళ్ళకు రాగి ముద్దయినా సోబా అయినా కొలత తప్పదు. పిండి పదార్థం పిండి పదార్థమే.

పోయిన వారం నా బి.పి. 138, 86. మా ఆవిడ ఊరిబిండి జాడీని పై అటకమీదికి ఎక్కించింది.